కారు నెత్తిన పడక

నమీబియాలోని సెస్రీమ్ క్యాంపులో తెల్లవారకముందే జిప్పుల చప్పుడు మొదలవుతుంది. అక్కడ బస చేసినవాళ్లకు సోసస్‌వ్లే వైపు గేటు సూర్యోదయానికి గంట ముందే తీస్తారు. ఎర్రటి ఇసుక తిన్నెల మీద తొలి ఎండ పడటం చూడాలంటే ఆ గంటే కీలకం. 45 కిలోమీటర్లు వెళ్తేగాని పేరుమోసిన 45వ నంబరు తిన్నె రాదు. నేల మీద టెంటు వేసుకున్నవాళ్లు దాన్ని అక్కడే వదిలేసి బండెక్కుతారు. టెంటు కారుమీద ఉన్నవాళ్లు మాత్రం టార్చి నోట కరుచుకుని, నిచ్చెన మడిచి, ఉబ్బిన గుడ్డను మోచేత్తో లోపలికి నొక్కుతూ, ఇసుకపట్టిన కవరు జిప్పుతో కుస్తీ పడుతుంటారు.

అదే దేశంలోని ఎటోషా పార్కులోనూ అంతే. అక్కడ క్యాంపు గేట్లు సూర్యోదయానికి తెరుస్తారు. సింహాలు కనబడేది ఆ చల్లటి పూటే. సింహాల కోసమైనా, పాల డబ్బా కోసమైనా బండి కదలాలంటే ఇల్లంతా మడిచి నెత్తిన పెట్టుకోవాల్సిందే. ఈ టెంట్లు అమ్మేవాళ్లు అన్నిటికంటే ముందు చెప్పాల్సిన మాట ఇదే.

అయినా ఆ దేశంలో అద్దెకిచ్చే హైలక్స్ బండ్ల మీద ఈ టెంట్లే ఎందుకుంటాయో ఒక్క రాత్రి పడుకుంటే తెలుస్తుంది. కింద గులకరాళ్లు, ముళ్లు, తేళ్లు. పైన చదునైన పలక, పరిచే ఉన్న పరుపు. కంకర రోడ్ల మీద రోజంతా తిరిగి చీకటిపడే వేళకు చేరినా, పది నిమిషాల్లో పడక సిద్ధం. అర్ధరాత్రి లఘుశంకకు నిచ్చెన దిగడం మాత్రం పెద్దవాళ్లకూ పిల్లలకూ కష్టమే.

సొంత కారుకు బిగించుకోవాలనుకుంటే బరువు లెక్క తప్పదు. చాలా కార్ల పైకప్పు నడుస్తున్నప్పుడు మోయగలిగేది 75 కిలోల దరిదాపుల్లోనే. టెంటుకే 60 కిలోలు పోతే, అడ్డకమ్మీలు, లోపల వదిలేసిన దుప్పట్లు కలిపేసరికి హద్దు దగ్గరపడుతుంది. ఆగి ఉన్నప్పుడు అదే పైకప్పు ఇంకా చాలా ఎక్కువ మోస్తుంది కనుక, మనుషులు పడుకోవడం సమస్య కాదు. మలుపుల్లో, ఈదురుగాలిలో ఆ బరువు ఊగడమే సమస్య.

తూర్పు జర్మనీలో గెర్హార్డ్ మ్యూలర్ 1970ల చివర్లో ట్రాబంట్ కారు మీదికే ఇలాంటి టెంటు తయారుచేశాడు. ఆ కారు మొత్తం బరువు 600 కిలోల పైచిలుకే! మంచి కారు దొరకడమే గగనమైన చోట, ఉన్న బుల్లి కారుమీదే కుటుంబానికి పడక అమర్చిన ఆ నేర్పుకు దండం పెట్టాలి.

రోజుకో చోట మకాం వేసేవాళ్లకు కారుమీది టెంటుకు సాటి లేదు. ఒకేచోట రెండుమూడు రాత్రులు ఉండదలచినవాళ్లు అద్దెబండి మాట్లాడుకునేటప్పుడే ఓ చిన్న నేల టెంటు కూడా అడిగి తీసుకోవాలి.