మాటల సహవాసం

సహవాసాన్ని బట్టి మనిషిని అంచనా వేయవచ్చునని మన పెద్దలు అంటారు. మాటల విషయంలోనూ ఇది నిజమేనని మాకు తెలియడానికి ఒక పరాభవం అవసరమయింది. పరాభవం పొందినది మా స్నేహితురాలు. అందులోని తప్పు మాత్రం మాది. ఆ సంగతి విద్యార్థి సోదర సోదరీమణులకు విన్నవించుకోవడానికే ఈ నాలుగు మాటలు.

మేము నలుగురము. ఒకరిది గిద్దలూరు, ఒకరిది కంభం, ఇద్దరిది మార్కాపురం. ఇద్దరి ఇళ్ళలో ఉర్దూ, ఇద్దరి ఇళ్ళలో తెలుగు. నలుగురికీ సమానంగా రానిది ఇంగ్లీషు. నలుగురికీ సమానంగా ఇష్టమైనది సినిమా. 2023 మార్చిలో కీరవాణి స్వరపరచి చంద్రబోస్ రచించిన ‘నాటు నాటు’ పాటకు ఆస్కార్ బహుమతి వచ్చినప్పుడు మా ఆనందానికి మేర లేదు. ఆ సంవత్సరమే మేము వెళ్ళిన ఒక ఆంగ్ల వక్తృత్వ పోటీలో ‘నాకు నచ్చిన చలనచిత్రం’ అన్నది విషయం కావడంతో, బహుమతి మనదే అనుకొన్నాము.

మాలో ధైర్యం గలది పలకల ఫ్యాక్టరీ కార్మికుని కుమార్తె. ఆమె 1957 నాటి ‘మాయాబజార్’ చిత్రాన్ని ఎన్నుకొన్నది. అందులో సావిత్రి శశిరేఖగా నటించడమే కాక, శశిరేఖ రూపం ధరించిన ఘటోత్కచుడుగా కూడా నటించవలసి వచ్చింది. సుకుమారి దేహంలో రాక్షసుని ఠీవిని చూపడం సామాన్యమైన పని కాదు. మా స్నేహితురాలు చెప్పదలచినది అదే. కాని వేదికపై నిలబడి, “సావిత్రి హెవీ యాక్షన్ చేసింది” అని ఇంగ్లీషులో అన్నది. హాలులో ముందు ఒక మూల నవ్వు పుట్టింది. క్షణంలో హాలంతా నవ్వింది. ఆమె మాట తడబడింది. చేతిలోని కాగితాన్ని మడిచి, ప్రసంగం సగంలోనే దిగివచ్చింది.

ఇంతవరకు చెప్పడం సులభమే. ఇక చెప్పవలసినది కష్టం. మేమూ నవ్వాము. ఆమె మాటలో తప్పేమిటో మాకు తెలియదు. ఆమె స్థానంలో మేమున్నా అదే మాట అనియుండేవారము. పదిమంది నవ్వుతుంటే నవ్వకపోతే మాకూ ఇంగ్లీషు రాదని తెలిసిపోతుందని నవ్వాము. తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీ ప్రక్కన కూర్చుని ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. మార్కాపురంలో దిగేటప్పుడు మాత్రం, “వాళ్ళు నవ్వినందుకు కాదు నాకు బాధ” అన్నది. మరునాటి నుండి ఇంగ్లీషు తరగతికి రావడం మానివేసింది.

మేము సిగ్గుపడుతూ మా అధ్యాపకుల వద్దకు వెళ్ళి జరిగినదంతా చెప్పాము. వారు కోపగించలేదు. “మీరు పలక మీద ‘హెవీ’ అని వ్రాసి, దాని ప్రక్కన కూర్చోదగిన మాటలు వ్రాయండి” అన్నారు. హెవీ రెయిన్, హెవీ ట్రాఫిక్ అని వ్రాశాము. “ఇక యాక్షన్ వ్రాయండి. మనవైపు యాక్షన్ అంటే నటన. ఇంగ్లీషు సినిమా భాషలో యాక్షన్ అంటే పోరాటాలు, పరుగులు. నటనకు పెర్ఫార్మెన్స్ అనాలి. దాని ప్రక్కన హెవీ కూర్చోదు, పవర్‌ఫుల్ కూర్చుంటుంది, సటిల్ కూర్చుంటుంది” అన్నారు.

పలకలకు పేరుపడిన ఊరిలో మా చదువు మళ్ళీ పలక మీదనే మొదలయింది. ఎడమవైపు విశేషణం, కుడివైపు నామవాచకం. కథ పట్టు విడువనిదైతే గ్రిప్పింగ్ స్టోరీ. రాగం మనస్సును వెన్నాడేదైతే హాంటింగ్ మెలొడీ. విమర్శకులు మెచ్చుకొంటే గ్లోయింగ్ రివ్యూ; కొందరు మెచ్చి కొందరు తిడితే మిక్స్‌డ్ రివ్యూస్. కొన్ని జంటలు మమ్మల్ని తికమకపెట్టాయి. మనవైపు దుకాణదారులు ‘మూవింగ్ బాగుంది’ అంటే సరుకు అమ్ముడుపోతున్నదని అర్థం. మూవింగ్ స్టోరీ అంటే మనస్సును కదిలించే కథ. ఆసుపత్రిలో క్రిటికల్ అంటే ప్రాణాపాయం; క్రిటికల్ సక్సెస్ అంటే విమర్శకుల మెప్పు పొందిన విజయం. మనకు ఒరిజినల్ అంటే నకలు కానిది, సర్టిఫికెట్ల మాట. ఆస్కార్ వారి ఒరిజినల్ సాంగ్ అంటే ఆ చిత్రం కొరకే కొత్తగా కూర్చిన పాట.

ఈ జంటలకు కారణం అడిగితే వ్యాకరణం సమాధానం చెప్పదు. వాడుకయే కారణం. ఇంగ్లీషువాడు వానను బరువుగా చూస్తాడు, హెవీ రెయిన్ అంటాడు. ఉర్దూలో వానకు వేగం, తేజ్ బారిష్. తెలుగులో జోరు వాన. టీ ఇంగ్లీషులో బలమైనది, ఉర్దూలో కడక్, తెలుగులో చిక్కన. అన్నిటికన్న వింత అబద్ధం. తెలుగులో పచ్చి అబద్ధమన్నా, ఉర్దూలో సఫేద్ ఝూట్ అన్నా సిగ్గులేని అబద్ధమే. ఆ తెల్లని అబద్ధాన్నే మాటకు మాటగా ఇంగ్లీషులోనికి మార్చి వైట్ లై అంటే, ఎవరికీ కీడు చేయని చిన్న బొంకు అవుతుంది! ఉర్దూ తెలిసిన మిత్రులు ఇది చెప్పినప్పుడు, రెండు భాషల ఇళ్ళలో పుట్టడం మాకు లోటు కాదనీ, రెండు దీపాలు చేతికిచ్చినట్లనీ తెలిసింది.

మా అధ్యాపకులు మరొక సంగతి చెప్పి మాకు ఊరట కలిగించారు. ఇంగ్లీషు మాటల ఈ సహవాసాన్ని గూర్చి హెరాల్డ్ పామర్ 1933లో ఒక నివేదిక ప్రకటించినది లండనులో కాదు, జపానులోని టోక్యోలో. ఆయన తరువాత ఆ కృషిని కొనసాగించిన హార్న్‌బీ గారి నిఘంటువు కూడా మొదట 1942లో టోక్యోలోనే వెలువడింది. మాట అర్థం దాని సహచరులను బట్టి ఉంటుందన్న సిద్ధాంతానికి పేరుపడిన జె.ఆర్.ఫర్త్, 1919 నుండి 1928 వరకు లాహోరులో ఇంగ్లీషు ఆచార్యుడు. అనగా ఈ కష్టం మా నలుగురిది మాత్రమే కాదు. ఇంగ్లీషును పరాయి భాషగా నేర్చుకొన్న ప్రతి దేశపు విద్యార్థిది. ఇందులో నవ్వవలసినదేమున్నది?

ఆ పలకను తీసుకొని మేము మా స్నేహితురాలి ఇంటికి వెళ్ళాము. ముందు క్షమాపణ చెప్పుకొన్నాము. నవ్వినప్పుడు మాకూ ఆ మాట తెలియదని ఒప్పుకొన్నాము. ఆమె చాలాసేపు మౌనంగా ఉన్నది. వాళ్ళ నాన్నగారు పలకను చేతిలోకి తీసుకొని, అంచు తడిమిచూసి, “మంచి రాయి” అని తిరిగి ఇచ్చారు. ఆమె బలపం తీసుకొని సటిల్ పెర్ఫార్మెన్స్ అని వ్రాసింది.

కళాశాల వార్షికోత్సవంలో ఆమె మళ్ళీ ‘మాయాబజార్’ గూర్చే మాట్లాడింది. సావిత్రి నటనను గూర్చి సరియైన జంటలే వాడింది. మార్కస్ బార్ట్‌లే ఛాయాగ్రహణం వద్దకు వచ్చేసరికి, ఆ పండు వెన్నెలను రైప్ మూన్‌లైట్ అన్నది. ఆ జంట మా పలక మీద లేదు. మేము భయంతో మా అధ్యాపకుల వైపు చూశాము. వారు చిరునవ్వుతో తల ఊపారు. తరువాత అడిగితే, “అది ఇంగ్లీషువారి వాడుక కాదు. కాని ఆమె తెలియక అనలేదు, తెలిసి అన్నది. ఆ మాట అలాగే ఉండనీయండి” అన్నారు.

మిత్రులారా, మాటల జంటలను శ్రద్ధగా నేర్చుకొనండి. పరీక్షకు, ఉద్యోగానికి అవి ఉపకరిస్తాయి. కాని వేదికపై ఎవరైనా తడబడిన రోజున, పదిమందితో కలిసి నవ్వకండి. మాట తప్పితే పలక తుడిచి మళ్ళీ వ్రాయవచ్చు. మేము నవ్విన నవ్వును మాత్రం ఇప్పటికీ తుడువలేకపోతున్నాము.