హాలహర్విలో మా బస

బదిలీయై మేము హాలహర్వికి వచ్చి రెండవ యేడు నడుచుచున్నది. నలుబది దాటినవాడు క్రొత్తయూర బస పెట్టుట ముదురుచెట్టును పెకలించి మఱల నాటుట వంటిది. పిల్లల చదువులకై కుటుంబమును కర్నూలున నుంచి, ఒక పెట్టెతోను రెండు పుస్తకపు మూటలతోను బస్సు దిగితిమి.

కర్నూలు జిల్లాకు పడమటి కొనను, కర్ణాటకపు పొలిమేర చెంత నున్నదీ యూరు. 1953వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడువఱకు ఆలూరు, ఆదవాని తాలూకాలు బళ్లారి జిల్లాలోనివి. నాడు బళ్లారి మైసూరునకు పోగా, ఈ తాలూకాలు కర్నూలు జిల్లాలో చేరినవి. పటముపై గీత మాఱినది గాని నాలుక మాఱలేదు. బడిలో తెలుగు పాఠ మప్పగించిన బాలుడు గంట కొట్టినంతనే తల్లితో కన్నడమున మాటలాడును.

సంస్కృతకావ్యములలో పర్ణశాలలను, ఇంగ్లీషు వ్యాసములలో పల్లెకుటీరములను చదివి చదివి, కొద్దిపాటి సామగ్రితో నొకచోట వసింపవలెనని మాకు చిరకాలపు కోరిక. అట్టి యిల్లే దొరికినది. అది మట్టిమిద్దె. దూలములపై దంతెలు పఱచి, కట్టెలు పేర్చి, మన్ను మెత్తి, పైన చవుడు పోసినారు. ఏటేట వానలకు ముందు క్రొత్త చవుడు పోయనిచో మిద్దె కాఱును. వెలుతురునకు కప్పున నొక గవాక్షి. దానినుండి పడిన యెండ గోడపై క్రిందికి జాఱుటను బట్టి బడివేళ తెలిసికొనుట మాకలవడినది. ఒక నులకమంచము, ఒక నీళ్లకడవ, ఒక చిన్న గ్యాసుపొయ్యి, ఒక యెమ్మిగనూరు దుప్పటి: ఇదియే మా సంపద. ఆ యెమ్మిగనూరున 1938లో మాచాని సోమప్పగారు చేనేతవారికి సహకారసంఘము నెలకొల్పిరి. నలుగురు కలసి నేసినది యొకనికి వెచ్చదన మిచ్చుచున్నదిగదా యని రాత్రులందు తలచి సంతోషించెడివారము. యజమానురాలు దినమును మజ్జిగ పంపెడిది. మనుజునికి ఇంతకన్న వలసిన దేమని మిత్రులకు జాబులు వ్రాసితిమి.

ఆ జాబులలో నొక సంగతి వ్రాయలేదు. ఇల్లు చూడబోయిన నాడు, అద్దె యెంతయని మేమడుగక మునుపే యజమాని, "ఏం కులమోళ్లు సార్ మీరు?" అని యడిగెను. చెప్పితిమి. వెంటనే తాళపుచెవి చేతికి వచ్చినది. "రెండేండ్లనుంచి ఖాళీగానే ఉంది సార్. మీలాంటోళ్లు రావాలనే చూస్తాంటిమి" అనెను.

మా బడిలో గణితము చెప్పు యువకు డొకడు కలడు. అతడు దినమును ఆదవానినుండి ఆలూరు మీదుగా బస్సులో వచ్చి పోయెడివాడు. ఒకనాడు మేము, "ఇంత శ్రమ యేల నాయనా? మా యింటివంటి దొకటి చూచుకొనరాదా?" అంటిమి. అతడు నవ్వి, "పోయినేడు మీ యింటినే అడిగినాను సార్. ఖాళీ లేదన్నారు" అనెను.

మేము మఱుమాట పలుకలేకపోతిమి. రాజ్యాంగదినోత్సవము గడచి వారము కాలేదు. 17వ అధికరణము అంటరానితనమును రద్దుచేసినదనియు, 1950నుండి అది యమలులో నున్నదనియు నొక విద్యార్థికి ఉపన్యాసము వ్రాసి యిచ్చినవారము మేమే. మేము నిరాడంబరత యని మురిసినది నిరాడంబరత కాదు. ఆ యింట సామాను తక్కువే గాని మేమిచ్చిన వెల తక్కువది కాదు. ఒక్క మాటతో నిల్లు సంపాదించితిమి. ఆ మాట లేనివానికి ఆ వాకిలి మూయబడినది. ప్రశ్న యడిగినవానిది సగము తప్పైనచో, తడవుకొనక జవాబిచ్చినవానిది తక్కిన సగము.

యజమానితో చెప్పి చూచితిమి. "నాదేముంది సార్, వీధి ఒప్పుకోవద్దా?" అనెను. వీధిలో నలుగురి నడిగితిమి. నలుగురును యజమానినే చూపిరి.

మఱుసటి శ్రావణమున నొక సాయంకాలము వాన కురిసి బస్సు రాలేదు. ఆ యువకుని వెంటబెట్టుకొని యింటికి వచ్చితిమి. ఆ యేడు చవుడు పోయించుట యజమాని మఱచెనో, మానెనో, రాత్రి మిద్దె కాఱినది. ఇద్దరమును మంచమును ఈ మూలకు ఆ మూలకు జరుపుచు, ఒకే దుప్పటి కప్పుకొని తెల్లవార్చితిమి. అది మొదలు అతడు మాతోనే యున్నాడు. అద్దె చెరిసగము.

మఱునాటినుండి మజ్జిగ రాలేదు; నేటికిని రాదు. ఇల్లు విడువుమనియు ఎవరు ననలేదు. యజమాని మనుమడు మాత్రము సాయంకాలములందు లెక్కలకు వచ్చును. లోపలికి రాడు, అరుగుమీద కూర్చుండును. యువకుడు తానే అరుగుమీదికి పోయి చెప్పును. దీనిని సంస్కరణమని మేము చాటుకొనజాలము. గడప యింకను అట్లే యున్నది.

చదువరులారా, మీకును బదిలీలు కలుగును. మీరును ఇండ్లు వెదకుదురు. ఆ ప్రశ్న మిమ్మును అడుగుదురు. నిజమే కదా చెప్పితిమని మేమును సమాధానపడితిమి. నిజమైనను తాళపుచెవిగా వాడరాని మాటలు కొన్ని గలవు. "బడిపంతులము" అని చెప్పి యూరకుండుడు. ఇల్లు దొరకకపోవచ్చును. అప్పుడు దినమును బస్సులో వచ్చిపోవువాని శ్రమ యెట్టిదో తెలియవచ్చును.