పోస్ట్ బేసిక్‌కి ముందు

జూన్ 4

మొదటి నుంచి బీఎస్సీ నర్సింగ్ అంటే నాలుగేళ్లు. నాలాగా జీఎన్ఎం డిప్లొమా చేసి రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లకి పోస్ట్ బేసిక్ బీఎస్సీ రెండేళ్లే, కానీ రోజూ కాలేజీకి వెళ్లాలి. ఇగ్నోలో అయితే ఉద్యోగం చేసుకుంటూ మూడేళ్లు, దానికి ప్రవేశ పరీక్ష. మూడేళ్లు నైట్ డ్యూటీలు, పుస్తకాలు, పిల్లలు కలిపి లాగగలనా? రెండేళ్లు నా జీతం లేకుండా ఇల్లు గడుస్తుందా? మా ఆయన కాగితం మీద అద్దె, స్కూలు ఫీజులు, చీటీ రాసి చూపించారు. కష్టమే గానీ అసాధ్యం కాదు.

జూన్ 7

"ఇప్పుడూ సిస్టరే కదమ్మాయ్, అది చదివితే ఏమవుతావు?" అంది అత్తయ్య, చిక్కుడుకాయలు ఒలుస్తూ. విలేజ్ క్లినిక్ పోస్టులకి బీఎస్సీ అడుగుతున్నారని చెప్పాను. కానీ అసలు కారణం అది కాదు. మంచి ఉద్యోగం కోసమే అయితే ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసరు పరీక్షకి జీఎన్ఎంతో పాటు రెండేళ్ల అనుభవం ఉన్నా కూర్చోవచ్చు. నాకు నర్సింగ్ ట్యూటర్‌నవ్వాలని ఉంది, దానికి డిగ్రీ కావాలి. ఆ మాటే చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "పొద్దుటి వంట నాకొదిలెయ్," అంది.

జూన్ 12

ఎవరో ఏజెంటు ఫోను. "మీరు కాలేజీకి రానక్కర్లేదు మేడమ్. పరీక్షలకి వస్తే చాలు. పిల్లలున్నవాళ్లంతా ఇలాగే చేస్తున్నారు." పిల్లల పేరు చెప్పి బేరం పెట్టడం చూస్తే ఒళ్లు మండింది. నర్సింగ్ కౌన్సిల్ నిబంధన ప్రకారం పరీక్షకి కూర్చోవాలంటే 80 శాతం హాజరు, డిగ్రీ చేతికి రావాలంటే ప్రాక్టికల్స్‌లో నూటికి నూరు శాతం ఉండాలి. వార్డులో గడపాల్సిన గంటలు ఎగ్గొడితే ఆ లోటు రోగి మీద పడుతుంది. పిల్లల తల్లికి కావలసింది అనువైన వేళలు, దగ్గర్లో కాలేజీ. దొంగ హాజరు కాదు.

జూన్ 13, రాత్రి

కొత్తగా చేరిన అమ్మాయి, డిగ్రీ ఉంది, ఐదో బెడ్ పెద్దాయనకి క్యాన్యులా పెట్టబోతోంది. సూది మొన ఏటవాలుగా కోసిన వైపు కిందికి తిప్పి పట్టుకుంది. ముసలి చెయ్యి, నరం పక్కకి జారుతోంది. చర్మాన్ని బొటనవేలితో కిందికి లాగి పట్టుకోమన్నాను, సూది తిప్పించాను, వాలుగా పోనిమ్మన్నాను. క్యాన్యులా వెనకున్న చిన్న గదిలో ఎర్రగా చుక్క కనబడగానే ఊపిరి వదిలింది. "కాలేజీలో బొమ్మకే పెట్టాం అక్కా. వార్డుకి పంపలేదు." ఆ పిల్ల తప్పేముంది? ఫీజు మాత్రం పూర్తిగా కట్టించుకున్నారు.

జూన్ 18

ఒక కాలేజీ చూసొచ్చాను. హాస్టల్ తప్పనిసరి అన్నారు. సొంత ఆసుపత్రి చూపించారు: వార్డు నిండా మంచాలు, పరుపుల మీద ప్లాస్టిక్ కవర్లు ఇంకా విప్పలేదు. కేస్ షీట్లు మాత్రం ఫైలు నిండా ఉన్నాయి.

జూన్ 21

ఇంకో కాలేజీ. డే స్కాలర్‌గా రానిస్తారు. పోస్టింగులు పెద్ద ప్రభుత్వాసుపత్రిలో. లేబర్ రూమ్ దగ్గర ఇద్దరు విద్యార్థినులు పార్టోగ్రాఫ్ గీస్తూ, గర్భాశయ ముఖం నాలుగు సెంటీమీటర్లా, ఐదా అని గట్టిగా వాదించుకుంటున్నారు. నాకప్పుడే నచ్చేసింది. రెండో ఏడు మానసిక ఆరోగ్యం, కమ్యూనిటీ, బోధన, పరిపాలన, రీసెర్చ్ ఉంటాయి. బోధన పేపరు సిలబస్ అడిగి తెచ్చుకున్నాను.

తిరిగి వస్తూ కుగ్లర్ ఆసుపత్రి ముందు నుంచి నడిచాను. డాక్టర్ అన్నా కుగ్లర్ గుంటూరు వచ్చింది 1883లో, ఆసుపత్రి తెరిచింది 1898లో. అన్నేళ్ల ఓపిక ముందు నా రెండేళ్లు ఎంత.

జూన్ 25

చేరాలంటే ఒరిజినల్స్ కావాలి. నావి ఉద్యోగంలో చేరిన రోజే మా ఆసుపత్రివాళ్లు తీసుకుని ఆఫీసు బీరువాలో పెట్టుకున్నారు. అడిగితే, "రాజీనామా ఇవ్వండి, నోటీసు నెల పూర్తి చెయ్యండి, తర్వాత చూద్దాం," అన్నారు. నా సర్టిఫికెట్లు నాకివ్వడానికి చూసేదేముంది? అవి తిరిగివ్వమని ఉత్తరం రెండు ప్రతులు రాశాను. రేపు ఒకటి ఇచ్చి, రెండోదాని మీద తారీఖు, ముద్ర వేయించుకుంటాను. సెలవు పెట్టి ఆయన కూడా వస్తానన్నారు.