బొంబాయంత దూరమే

కోస్గి

దోస్తూ,

మీ అమ్మకు టికెట్ పంపినవు, సంతోషం. కాని డల్లాస్ ఎంత దూరమో చెప్పే పని నా నెత్తిన పడ్డది. “బొంబాయికన్న దూరమా బిడ్డా?” అని అడిగింది. మన దిక్కు పెద్దోళ్లకు దూరమంటే బొంబాయే కద! కరువుకు పాలమూరు లేబర్‌గ పోయినోళ్లు కిలోమీటర్లు లెక్కపెట్టిన్రా? మాపటికి బస్సెక్కితే తెల్లారి దిగుడు, గదే కొలత.

బడిలున్న గ్లోబు తెచ్చి దారంతోని చూపించిన. ఒక కొస హైదరాబాద్ మీద, ఇంకో కొస డల్లాస్ మీద పెట్టి బిగుతుగ గుంజితే, దారం పడమరకు పోలే. పైకెక్కి, ఉత్తర ధ్రువం పక్కపొంటి అటు దిగింది. “అమెరికా పడమరకంటిరి గదరా?” అన్నది. అడిగినదాంట్ల తప్పేముంది? మనం 78 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, మీరు 97 డిగ్రీల పడమటి రేఖాంశం మీద. కలిపితే 175. ఇంకో అయిదుంటే ధ్రువానికి సరిగ్గ అటొకటి, ఇటొకటి. గట్ల ఎదురెదురున్న ఊర్లకు అడ్డదారి ధ్రువం దిక్కునుంచే. మేం రాత్రి బువ్వకు కూసునేటప్పటికి మీరు పొద్దటి చాయ్ తాగేది గూడ గందుకే.

ఆ దారం కొలిస్తే 14,400 కిలోమీటర్లు. బొంబాయి మన కోస్గికి నేరుగ 560. అంటే ఇరవై అయిదింతల మీదనే. ఆగకుంట పోయే విమానం ఎందుకు లేదంటవా? సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు 15,300 కిలోమీటర్లు ఒక్క బిగిన ఎగురుతున్నరు, విమానానికి చాతగాక కాదు. 2021 జనవరిల ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి షికాగోకు వారానికొకటి నేరుగ మొదలుపెట్టింది గని నిలవలే. అంత దూరం పోవాలంటే మనుషుల బరువుకన్న ఇంధనం బరువే శానా ఎక్కువ. ఆ ఇంధనం మోసేటందుకు మళ్ల ఇంధనం!

దుబాయి మీదికెళ్లి పోతే హైదరాబాద్‌కు దుబాయి 2,550, అక్కడికెళ్లి డల్లాస్ 12,900. పెరిగేది వెయ్యి కిలోమీటర్లే. ముందు నాలుగు గంటలు, తర్వాత పదహారు. వాపసు వచ్చేటప్పుడు దుబాయి దాకా గంటకు పైగనే తగ్గుతది; విమానం పోయే ఎత్తుల గాలి పడమటికెళ్లి తూర్పుకు గట్టిగ కొడతది, వెనకనుంచి నూకుతది.

ఇవన్ని మీ అమ్మ ఓపికగనే విన్నది. ఆఖరికి, “ఎప్పుడెక్కుడు, ఎప్పుడు దిగుడు?” అన్నది. రాత్రి పదింటికి ఎక్కితే తెల్లారి పదింటికి దిగుతవని చెప్పిన. నడుమ నీ గడియారం పదిన్నర గంటలు ఎనకకు జరుగుతదని చెప్పేలోపట్నే, “అయితే బొంబాయంతనే!” అని లేచిపోయింది. నేనెందుకు కాదంట? మోకాళ్లకు మటుకు ఇరవై రెండున్నర గంటలు.

అందుకే టికెట్ల వీల్‌చైర్ రాయించు. అడిగితే వద్దంటది, అడగకు. దుబాయిల విమానం మారేటప్పుడు వీల్‌చైర్ నూకే మనిషే గేటుదాక తోల్కపోతడు. మామిడి తొక్కు పెద్ద సూట్‌కేసుల పెట్టించిన, చేతిసంచిల నూనె సీసా పోనియ్యరు. ఇంగ బొంబాయిల బస్సు దిగంగనే మేస్త్రి నిలబడి ఉండేటోడంట. ట్రాఫిక్ ఉందని చెప్పకుంట, నువ్వు గంట ముందే ఎయిర్‌పోర్టుకు పో.

నీ దోస్తు