ద్రోణగిరి అలక

నిత్యానుష్ఠానంలో సంకల్పం చెప్పుకొనే వేళ మనం దేశకాలాలను స్మరిస్తాము. మేరువుకు దక్షిణ దిక్కున, శ్రీశైలానికి ఈశాన్యంలో, కృష్ణా గోదావరుల నడుమ ఉన్నామని పరమాత్మకు విన్నవించుకుంటాము. హనుమాన్ జంక్షన్‌లో ఆంజనేయ స్వామి అర్చకత్వంలో ముప్పది సంవత్సరాలుగా ఈ మాటలు పలుకుతున్నాను. మన చిరునామా ఒక పర్వతంతో ప్రారంభమవుతున్నదన్న భావం హిమాలయ దర్శనానంతరమే నా హృదయంలో స్థిరపడినది.

క్రోధి నామ సంవత్సర భాద్రపద బహుళంలో, అనగా 2024 సెప్టెంబరు చివరి వారంలో, బదరీ క్షేత్రంలోని బ్రహ్మకపాలం వద్ద పితృకార్యం నిర్వర్తించే నిమిత్తం నేనూ, నా ధర్మపత్నీ బయలుదేరాము. స్వామి కైంకర్యం కుమారునికి అప్పగించాము. ఋషీకేశం నుండి సుమారు 250 కిలోమీటర్లు. దేవప్రయాగ, రుద్రప్రయాగ, కర్ణప్రయాగ, నందప్రయాగలు దాటితే వచ్చేది జ్యోతిర్మఠం, లోకవ్యవహారంలో జోషీమఠ్. బదరికి ఇంకా సుమారు 45 కిలోమీటర్లు ఉండగా అక్కడ రెండు దినాలు నిలిచాము.

సుమారు 1,900 మీటర్ల ఎత్తున కొండవాలుపై ఉన్న ఆ పురాతన పట్టణం ఆదిశంకరుల చతురామ్నాయ పీఠాలలో ఉత్తరామ్నాయ స్థానం. తోటకాచార్యులు ప్రథమ పీఠాధిపతి. ఆ పీఠానికి అథర్వవేదం విహితము. శంకరులు తపమాచరించారని చెప్పే గుహ, దానిపై కల్పవృక్షమని పూజలందుకొనే బృహత్తరమైన మల్బరీ చెట్టు నేటికీ ఉన్నవి. శీతకాలంలో బదరీనాథుని ఆలయం మూసినప్పుడు శంకరాచార్యుల గద్దె ఇక్కడి నరసింహాలయానికి తరలివస్తుంది. బదరిలో మూలమూర్తిని అర్చించే రావల్ కేరళ దేశపు నంబూద్రి బ్రాహ్మణుడు. దక్షిణాపథం కొసన పుట్టినవాడు ఉత్తరాన మంచుకొండల మధ్య స్వామిని స్పృశించి సేవించే ఆ సంప్రదాయం, సాటి అర్చకునిగా నాకు మహదానందం కలిగించినది.

మరునాటి ప్రాతఃకాలంలో ఔలీకి వెళ్ళాము. జోషీమఠ్ నుండి అక్కడికి రోప్‌వే ఉన్నది గాని, 2023 జనవరిలో పట్టణపు నేల కుంగినప్పుడు దానిని నిలిపివేశారు. కనుక జీపులో వెళ్ళాము. దేవదారు వనాలు దాటిన తరువాత వృక్షజాతి క్రమంగా పలుచనై పచ్చిక బయలు ప్రారంభమైనది. ఐరోపాలో ఆల్ప్స్ పర్వతాలపై ఇట్టి మైదానాలను చూచి వీటికి ‘ఆల్పైన్’ అన్న పేరు లోకంలో రూఢమైనది. గఢ్వాలు ప్రజలు బుగ్యాల్ అంటారు. ఎదుట 7,816 మీటర్ల నందాదేవి. ఆ వరుసలోనే ఎడమగా 7,066 మీటర్ల ద్రోణగిరి శిఖరం.

జీపు నడుపుతున్న యువకుడు మా ఊరి పేరు అడిగాడు. చెప్పాను. అతడు పకపక నవ్వాడు.

“పండిత్‌జీ, మీ ఊరికే ఆ పేరా! మా అమ్మమ్మగారిది ద్రోణగిరి గ్రామం. ఆవిడ వింటే మీకు చాయ్ కూడా ఇవ్వదు” అన్నాడు.

“ఎందుకు నాయనా?” అని నా ధర్మపత్ని అడిగినది.

“మాతాజీ, ఒకరి ఇంట వస్తువు కావలసివస్తే అడిగి తీసుకుంటాం కదా. ఆయన అడగలేదు. లక్ష్మణజీ బ్రతికాడు, సంతోషమే. కానీ మా కొండకు గాయమైనది కదా!”

నీతీ లోయలో, ధౌళీగంగ వైపున్న ఆ ద్రోణగిరి గ్రామంలో హనుమంతుని పూజ లేదు. సంజీవని కోసం తమ ఆరాధ్య పర్వతాన్ని పెకలించుకొనిపోయినాడని తరతరాల అలక. గ్రామస్థులు ఆ పర్వతాన్నే దేవతగా కొలుస్తారు. విచిత్రమేమనగా, జోషీమఠ్ క్రింద విష్ణుప్రయాగలో ధౌళీగంగ అలకనందలో కలుస్తుంది. అలకనంద వెంట బదరికి పోయే దారిలో హనుమాన్ చట్టి ఉన్నది. భీమసేనుని గర్వమణచిన వృద్ధవానరుడు అక్కడ నిత్యపూజలు అందుకుంటున్నాడు. ఒక లోయ ఆయనకు హారతి ఇస్తుంది, ప్రక్క లోయ ముఖం తిప్పుకుంటుంది. రెండు నీళ్ళూ కలిసి గంగ అవుతున్నవి.

స్వామి అర్చకునిగా నాకు ఆ మాట కష్టం కలిగించలేదా అని కొందరు మిత్రులు అడిగారు. లేదు. అలక పరాయివారిపై కలిగేది కాదు. సత్యభామ అలిగినది కృష్ణునిపైననే. పర్వతాన్ని రాతిగుట్టగా చూచేవానికి దాని నుండి ఎవరేమి తీసుకొనిపోయినా పట్టదు. పర్వతానికి ప్రాణమున్నదని, దానికి నొప్పి కలుగుతుందని నమ్మిన జనులకే ఇట్టి అలక సాధ్యము. అది నాస్తికత కాదు, గాఢమైన ఆస్తికత.

అయితే స్వామి పక్షాన ఒక్క మాట విన్నవించుకోవలసిన బాధ్యత నాకున్నది. వాల్మీకి మహర్షి యుద్ధకాండను శ్రద్ధగా పారాయణ చేసినవారికి ఇది విదితమే. ఇంద్రజిత్తు బ్రహ్మాస్త్రానికి రామలక్ష్మణులు, కోట్లాది వానరులు నేలకొరిగినప్పుడు, జాంబవంతుడు హనుమంతుని హిమవంతానికి పంపాడు. ఋషభ, కైలాస శిఖరాల నడుమ ఓషధీ పర్వతం ఉన్నదని, అందు మృతసంజీవని, విశల్యకరణి, సావర్ణ్యకరణి, సంధానకరణి అను నాలుగు మూలికలు ప్రకాశిస్తుంటవని చెప్పాడు. తమను కోరి ఎవరో వచ్చారని గ్రహించి ఆ ఓషధులు అదృశ్యమైనవి. వ్యవధి లేదు. ఆంజనేయుడు శిఖరాన్నే పెకలించి తెచ్చాడు. ఆ ఓషధుల సుగంధం ఆఘ్రాణించినంతనే అందరూ లేచారు. ఆ తరువాత స్వామి ఏమి చేశాడు? ఆ పర్వతాన్ని తిరిగి హిమవంతానికి చేర్చి రాముని సన్నిధికి వచ్చాడు.

ఈ చివరి ఘట్టాన్ని మనం చదువుతాము గాని స్మరణలో నిలుపుకోము. తరువాత రావణుని శక్తికి లక్ష్మణుడు మూర్ఛిల్లినప్పుడు సుషేణుడు హనుమంతుని పంపినది మునుపు జాంబవంతుడు చెప్పిన ఆ పర్వతానికే. తిరిగి ఇచ్చినందువలననే రెండవ ఆపదలో అది అక్కడ ఉన్నది. ప్రకృతి నుండి గ్రహించుటకు ఇంతకు మించిన ధర్మశాస్త్రం నాకు కనిపించదు. అవసరం ప్రాణావసరమై ఉండవలెను. ప్రయోజనం స్వార్థం కారాదు. పని తీరిన తరువాత యథాస్థానంలో ఉంచవలెను.

జోషీమఠ్ వీధులలో నడిచినప్పుడు ఈ మూడు నియమాలే గుర్తుకు వచ్చినవి. గోడలపై చీలికలు, ఖాళీచేసిన ఇండ్లు ఇంకా కనిపిస్తున్నవి. ఆ పట్టణం గట్టి శిలపై కాక, ప్రాచీనకాలంలో కొండచరియ విరిగిపడగా ఏర్పడిన మట్టి, రాళ్ళ మేటపై వెలసినది. పెద్ద నిర్మాణాలు వద్దని, బండలు పేల్చవద్దని, చెట్లు నరకవద్దని 1976లోనే మిశ్రా కమిటీ హెచ్చరించినది. అయినా అంతస్తులు పెరిగినవి, రహదారులకు, సొరంగాలకు కొండలు తొలిచారు, వాడిన నీరు సరియైన కాలువలు లేక నేలలోనికే ఇంకినది. 2023 జనవరి నాటికి ఎనిమిది వందలకు పైగా కట్టడాలు బీటలు వారినవి. ఎన్నో కుటుంబాలు కట్టుబట్టలతో శిబిరాలకు చేరినవి. దానికి రెండేండ్ల మునుపు, 2021 ఫిబ్రవరి 7న, ఋషిగంగా ధౌళీగంగలలో వచ్చిన జలప్రళయం రెండు వందలకు పైగా ప్రాణాలను హరించినది. 1974లో గౌరాదేవి, తోటి స్త్రీలు చెట్లను కౌగిలించుకొని కాపాడిన రేణీ గ్రామం ఆ ఋషిగంగ ఒడ్డుననే ఉన్నది.

నరసింహాలయంలో స్వామి వామహస్తం నానాటికీ సన్నబడుతున్నదని స్థలపురాణం. అది విరిగిననాడు జయవిజయ పర్వతాలు కలిసిపోయి బదరీ మార్గం మూసుకుంటుందని, అటుపై భక్తులు భవిష్యబదరిలో స్వామిని సేవించవలెనని పెద్దలు చెబుతారు. గర్భాలయం ఎదుట నిలిచి నేనా హస్తాన్ని తదేకంగా దర్శించాను. ఆ పురాణాన్ని భవిష్యవాణిగా స్వీకరించేవారు స్వీకరింతురు గాక. దేవుని చేయి సన్నబడుతున్నదని ప్రతిదినం చూస్తూ కూడా దారి ఎప్పుడూ తెరిచే ఉంటుందనుకొనే మనకు అది వర్తమానవాణి అని నాకు తోచినది.

ఈ ధర్మం హిమాలయాలకే పరిమితం కాదు. మా నూజివీడు తోటలలో వేసవిలో మామిడికాయలు కోసేవారిని చూడండి. రాళ్ళతో కొట్టరు, కొమ్మను విరవరు. పొడవాటి గెడకు చిక్కం కట్టి, కాయను తొడిమతో సహా మెల్లగా దింపుతారు. సొన కారి కాయ మచ్చపడరాదు, కొమ్మ గాయపడరాదు. మరుసటి ఏడు అదే కొమ్మ పూయవలెను కదా! శాస్త్రం చదవని ఆ కూలివాని చేతిలో వాల్మీకి చెప్పిన ధర్మమే ఉన్నది.

కనుక బదరీ యాత్ర సంకల్పించిన ఆస్తిక మహాశయులకు ఒక విన్నపం. ఆ పట్టణంలో మనం వాడే ప్రతి బిందె నీరూ ఆ వదులు నేలలోనికే దిగుతుంది. స్నానానికి ఎంత అవసరమో అంతే వాడండి. మీరు తీసుకొనిపోయిన ప్లాస్టిక్కును మీరే క్రిందికి తీసుకొనిరండి. బుగ్యాల్ పచ్చికపై ఒక పువ్వునైనా త్రెంచకండి, అది స్వామి పూజకైనా సరే. నీతీ లోయవారు ఎవరైనా తారసపడి హనుమంతునిపై అలుకను వినిపిస్తే, వాదించక నమస్కరించండి.

మన ఇళ్ళలో, ఆలయాలలో సంజీవని పర్వతం మోస్తున్న ఆంజనేయుని చిత్రాలు అసంఖ్యాకంగా ఉన్నవి. అన్నిటిలోనూ ఆయన కొండను తెస్తూనే ఉంటాడు. తిరిగి ఇవ్వబోతున్న హనుమంతుని చిత్రించిన పటం ఒక్కటీ నేను చూడలేదు. ఇకపై ఆ పటానికి పుష్పం సమర్పించే వేళ, స్వామి తిరుగు ప్రయాణంలో ఉన్నాడని ఒక్క క్షణం భావించి చూడండి.

స్వస్తి.