ఒక సూది, ఒక మాత్ర

ఇది ఏడో భాగం.

సర్టిఫికెట్ల కథ రాస్తానని పోయినసారి చెప్పాను. అంతకన్నా ముందు మా ఇంటి ఫ్రిజ్ గురించి చెప్పాలి. వారాసిగూడలో నేనూ అమ్మా ఉండే రెండు గదుల ఇంట్లో, ఫ్రిజ్ తలుపుకున్న అరలో ఇన్సులిన్ పెన్నులుంటాయి. ఫ్రిజ్ పైన స్టీలు డబ్బాలో ఈస్ట్రోజెన్ మాత్రలుంటాయి. రెండూ హార్మోన్లే. మొదటిది నా ఒంట్లో తయారవడం ఇంటర్‌లో ఉండగా ఆగిపోయింది. టైప్ 1 షుగర్ అన్నారు. రెండోది నాకు కావాల్సినంత ఎప్పుడూ తయారు కాలేదు. ఒకటి పద్దెనిమిదేళ్లుగా, ఇంకొకటి ఎనిమిదేళ్లుగా కొనుక్కుంటున్నాను.

మొదటి సూది పడ్డప్పుడు వాడకట్టంతా మా ఇంటికొచ్చింది. చర్చిలో ప్రార్థన చేశారు. ప్రకృతికి విరుద్ధమని ఎవరూ అనలేదు. దేవుడిచ్చిన ఒంటిని మారుస్తున్నావని ఏ పాస్టరూ అనలేదు. నాకు నిజంగా షుగర్ ఉందని కలెక్టరు దగ్గర కాగితం తెచ్చుకోమని ఎవరూ పంపలేదు. మాత్ర మొదలుపెట్టగానే ఇవన్నీ వరసగా వచ్చాయి. అది 2018. ఆ మే నెలలోనే చాంద్రాయణగుట్టలో, పిల్లల్ని ఎత్తుకుపోతున్నారన్న వాట్సప్ పుకారు నమ్మి, గుంపు ఒక ట్రాన్స్ మహిళను కొట్టి చంపింది. ఆ వారం అమ్మ నన్ను గడప దాటనివ్వలేదు.

ఇక సర్జరీ. నేను గెస్ట్ లెక్చరర్ని. గంటల లెక్కన జీతం. పాఠం చెప్పని రోజు డబ్బుల్లేవు, జీతంతో సెలవన్న మాటే లేదు. కాబట్టి కోత అయినా కుట్టు అయినా ఎండాకాలంలోనే జరగాలి. డాక్టరమ్మ ముందు హెచ్‌బిఎ1సి చూసింది. మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష అది. 9.4 వచ్చింది. 8కి దించుకుని రమ్మంది. అట్లా రెండు ఎండాకాలాలు పోయాయి. చివరికి 2022లో అయింది. షుగర్ ఒళ్లు కదా, పుండు తొందరగా మానదు. ఒకచోట కుట్టు విచ్చుకుంది. ఏడు వారాలు డ్రెస్సింగ్. రోజుకు మూడుసార్లు డైలేటర్ పెట్టుకోవాలి, లేకపోతే దారి మూసుకుపోతుంది. జూన్‌లో కుర్చీలో దిండు వేసుకుని ఛందస్సు చెప్పాను. పిల్లలు మూలశంక అనుకున్నారు. పోనీలే అనుకున్నా.

వార్డులో మా పక్క మంచం పేషెంటుకు తోడుగా ఒక పెద్దమ్మ ఉండేది. నా సంగతి తెలిసినా మొహం తిప్పుకోలేదు, రెండు రోజులు బత్తాయిలు వొలిచి పెట్టింది. మూడో రోజు అమ్మను “మీరేంటోళ్లు?” అని అడిగింది. అమ్మ బల్దియాలో ముప్పై ఏళ్లు రోడ్లు ఊడ్చిన మనిషి, దాచే అలవాటు లేదు. మాదిగోళ్లమని చెప్పింది. ఆ సాయంత్రం మా ఫ్లాస్కులో టీ వద్దంది.

ఆ వార్డులోనే ఒక నర్సు ఫైలు చూసి, నా పాత పేరు గట్టిగా పిలిచి, “ఈయనకు మీరేమైతరు?” అంది. అమ్మ అన్నది: “నా బిడ్డ.”

తెలంగాణ బయటివాళ్లకు ఇది విడమరిచి చెప్పాలి. పిలిచేటప్పుడు “బిడ్డా” అని ఎవరినైనా పిలుస్తారు. అమ్మ నన్ను పుట్టినప్పటినుంచీ అట్లనే పిలిచింది. కానీ ఇంకొకరికి చెప్పేటప్పుడు కొడుకు వేరు, బిడ్డ వేరు. బిడ్డ అంటే కూతురే. అప్పటిదాకా బయటివాళ్ల ముందు నన్ను “మా పెద్దోడు” అనేది. చిన్నయసూరి బాలవ్యాకరణంలో మగవాళ్లు మహత్తులు. ఆడవాళ్లు ఏకవచనంలో పశువులు, వస్తువులతో కలిసిపోతారు, బహువచనంలోనే మగవాళ్ల పక్కన నిలబడతారు. అందుకే ఆమె వచ్చింది, గేదె వచ్చింది, మేడమ్ వచ్చారు. దీనిమీద క్లాసులో ఎన్నిసార్లు నవ్వించానో. ఆ రోజు మాత్రం ఆ అమహత్తులోకి చేరినందుకు ఏడ్చాను.

ఇప్పుడు కాగితాలు. 1919లో నిజాం రాజ్యంలో ఒక చట్టం చేశారు. హిజ్రాల పేర్లు రిజిస్టర్‌లో ఎక్కించాలి, వాళ్లు ఆడబట్టల్లో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా అరెస్టు చేయొచ్చు. వైజయంతి వసంత మొగ్లి వేసిన కేసులో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023 జులైలో. అంటే నా సర్జరీ నాటికి కూడా అది చట్టం పుస్తకంలో ఉంది. ఎవరు ఏ జెండరో వాళ్లే చెప్పుకోవచ్చని 2014లో నల్సా తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. 2019 చట్టం మళ్లీ జిల్లా మెజిస్ట్రేట్ దగ్గరికి పంపింది, సర్జరీ తర్వాత స్త్రీ అని మార్చుకోవాలంటే ఆసుపత్రి సూపరింటెండెంట్ కాగితం కూడా జతచేయమంది. అదే చట్టంలో మా మీద లైంగిక దాడికి శిక్ష ఆరు నెలల నుంచి రెండేళ్లు. స్త్రీ మీద అత్యాచారానికి కనీసం పదేళ్లు. ఈ తేడాకు కారణం ఏ లా స్టూడెంటైనా నాకు చెబితే సంతోషం.

శత్రుత్వం మన దగ్గరే ఉంటుందని కూడా అనుకోకండి. నారాయణగూడలో 2021లో మిత్ర్ క్లినిక్ మొదలైంది, ట్రాన్స్ మనుషుల కోసం దేశంలో మొదటిది. అమెరికా యూఎస్‌ఎయిడ్ డబ్బుతో నడిచేది. పనిచేసేవాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే. నా మాత్ర మోతాదు, రక్త పరీక్షలు అన్నీ అక్కడే. 2025 జనవరి 20న ట్రంప్ విదేశీ సాయం ఆపుతూ సంతకం పెట్టాడు. రోజుల్లోనే నారాయణగూడలో తాళం పడింది. ఈలన్ మస్క్ దాన్ని ఎగతాళి చేస్తూ పోస్టు పెట్టాడు. కొన్ని నెలలకు టాటా ట్రస్ట్స్ సాయంతో సబ్‌రంగ్ పేరుతో మళ్లీ తెరిచారు. మధ్యలో పరీక్ష లేకుండా పాత మోతాదే మింగాను. ఇన్సులిన్‌కు అట్లాంటి గతి పట్టుంటే నేనీ వ్యాసం రాసేదాన్ని కాదు.

ఇంకొక్క మాట, ముఖ్యంగా ఉద్యమంలో ఉన్నవాళ్లకు. మమ్మల్ని వెనుకబడిన తరగతుల్లో చేర్చి రిజర్వేషన్ ఇవ్వమని నల్సా తీర్పు చెప్పింది. మంచిదే. మరి నేను? 1994 దండోరా నుంచి కొట్లాడితే 2025 ఏప్రిల్ 14న వర్గీకరణ అమలైంది. మాదిగలున్న రెండో గ్రూపుకు 9 శాతం. ట్రాన్స్ కోటా కోసం బీసీలోకి పోతే అది వదులుకోవాలి. ఇక్కడుంటే ట్రాన్స్‌గా లెక్కలో లేను. ప్రతి కేటగిరీ లోపలే మాకు వాటా ఉండాలని గ్రేస్ బాను ఏళ్లుగా అడుగుతున్నది అందుకే. కర్ణాటక 2021లో ఒక శాతం అట్లా ఇచ్చింది. మన సంఘాల మీటింగుల్లో ఈ మాట ఎత్తితే “ముందు కులం సంగతి తేలనీ అక్కా” అంటారు. నన్ను అక్కా అంటున్నారు కదా, అదే చాలనుకునే రోజులు పోయినయ్.

విచ్చుకున్న కుట్టు దగ్గర ఇంకో చిన్న సర్జరీ మిగిలుంది. ఈ ఎండాకాలానికి తేదీ అడిగింది డాక్టరమ్మ. పోయిన వారం 8.3 వచ్చింది. అన్నం బందు పెట్టి రాత్రిళ్లు జొన్న గటక చేస్తున్నది అమ్మ, పక్కన కూర్చుని గిన్నె ఖాళీ అయ్యేదాకా లేవదు. ఎనిమిదో భాగం ఆసుపత్రి నుంచి రాస్తానో, ఈ గది నుంచే రాస్తానో చూడాలి.