మోత వేరు, తొక్కుడు వేరు

మా గన్నవరంలో సైకిల్ షాపుకి ఇవాళ వచ్చేవి ఎక్కువగా పిల్లల గేరు సైకిళ్లే. పాత నల్ల సైకిలు కావాలని ఎవరైనా అడిగితే, హోటల్ ముందు అలంకారానికేమో అనుకుంటాను. ఈమధ్య అలా అడిగిన కుర్రాడు మాత్రం అలాంటివాడు కాదు. మనిషి నూట ఇరవై కిలోల పైమాటే. తెల్లారకముందే బయల్దేరి ఆగిరిపల్లి మీదుగా నూజివీడు దాకా తొక్కి వస్తాడు. వంతెన వస్తే సీటు మీద కూర్చోడు, లేచి నిలబడి తొక్కుతాడు. కొత్తవి కొన్నాడు, విరగ్గొట్టాడు. "పాతకాలం ఇనుము గట్టిది కదా బాబాయ్, ఒక ఫ్రేము చూసిపెట్టు" అన్నాడు.

ఆ మాట సగమే నిజం. నాటింగ్‌హామ్ రాలీ, ఆసన్‌సోల్‌లో తయారైన సెన్ రాలీ, 1949లో మద్రాసు దగ్గర అంబత్తూరులో పుట్టిన టీఐ వాళ్ల హెర్క్యులస్, 1951 నాటి సోనీపత్ అట్లాస్... అన్నిటి పద్ధతీ ఒక్కటే. గొట్టాల కొసల్ని లగ్గులనే జోడింపు ముక్కల్లోకి దూర్చి, సందులోకి ఇత్తడి కరిగించి పోస్తారు. కరిగేది ఇత్తడే, గొట్టం కరగదు. అందుకే అతుకు దగ్గర బలం నిలుస్తుంది. ఆర్క్ వెల్డింగ్‌తో అతికించిన నాసిరకం ఫ్రేములు సరిగ్గా వెల్డింగ్ పక్కనే చీలడం రోజూ చూస్తున్నాను. ఫోనులో ఎక్కడో చదివి, 531 అని రాసున్న గొట్టాల ఫ్రేము దొరుకుతుందా అని కూడా అడిగాడు. అది 1935లో రేనాల్డ్స్ కంపెనీ తెచ్చిన రకం. మధ్యలో గోడ పలచగా, కొసల్లో మందంగా ఉంటుంది. పందేలవాళ్లకి బరువు తగ్గాలని చేసింది. ఈ మనిషికి ఆ తేలిక దేనికి?

పాత ఇనుము కొట్లలో ఫ్రేములకి కొదవ లేదు. తేలప్రోలు, బుద్ధవరం, ఉంగుటూరు వైపు పాలవాళ్ల సైకిళ్లు పశువుల కొట్టాల్లో ఇంకా చేరగిలబడి ఉన్నాయి. ఇక్కడే అందరూ పొరబడతారు. "ముప్పై ఏళ్లు పాలక్యాన్లు మోసిన సైకిలు, నిన్ను మొయ్యదా?" అంటారు. నేనైతే అలాంటిది ముట్టుకోను. పాలక్యాన్ కదలకుండా కూర్చుంటుంది, దాని బరువంతా వెనక చక్రం మీదే. పాలవాడు కూడా నిలబడి తొక్కడు, తొక్కితే పాలు తొణుకుతాయి. అందుకని ఆ సైకిళ్లు క్యారేజి బిగించేచోట, వెనక ఇరుసు దగ్గర చీలతాయి. నిలబడి తొక్కేవాడి బరువు అటూ ఇటూ ఊగుతూ పెడళ్ల మధ్యనున్న గూటిని మెలిపెడుతుంది, హ్యాండిల్‌ని లాగుతుంది. ఏళ్ల తరబడి మోసి ఒకచోట అలిసిపోయిన ఇనుముకి ఇంకోచోట కొత్త పని చెప్పకూడదు. ఇక డబుల్ బారు సంగతి. రెండో బారు ముందువైపు బిగువునిస్తుంది గానీ, చైను పక్కనుండే గొట్టాలకి దానివల్ల ఒరిగేదేమీ లేదు. చూపుకి మాత్రం భలే ఉంటుంది.

నేను వెతికింది బడి పంతుళ్ల సైకిళ్ల కోసం. ఎక్కేది ఒక్క మనిషి, దూరం కొద్ది, పైగా తుడిచి లోపల పెట్టేవాళ్లు. కాకపోతే కాలవగట్టు పల్లెల్లో ఏళ్ల తరబడి వాడకుండా ఉన్న ఫ్రేము లోపలినుంచి తుప్పు తింటుంది. ఇలాంటిది ఒకటి దొరగ్గానే ముందు గూటి కప్పులు విప్పి తలకిందులు చేసి కొట్టాను. పిడికెడు ఎర్రపొడి రాలితే వదిలెయ్యాల్సిందే, దీనికి చిటికెడే రాలింది. హ్యాండిల్ కింద, గొట్టం అడుగుభాగాన వేలితో తడిమాను. రంగు ముడతపడినా, చిన్న గట్టులాంటిది తగిలినా, అది ఎక్కడో గుద్దుకున్న సైకిలు. ఆ తర్వాత వెనక ఇరుసు కూర్చునే గాడినుంచి ముందు తలగొట్టం చుట్టూ తిప్పి మళ్లీ వెనక్కి దారం లాగాను. సీటు గొట్టానికి రెండువైపులా సందు సమానంగా వచ్చింది. ఇరవై నాలుగు అంగుళాల ఫ్రేము, ఒకటే బారు, ముందు రాలీ బిళ్ల. బిళ్లని నేను నమ్మను, దేనికైనా మేకు కొట్టుకోవచ్చు. మరలు చూస్తే తెలుస్తుంది. ఇంగ్లండు రాలీకి గూట్లో అంగుళానికి 26 మరలు, మామూలు వాటికి 24. దీనికి 26. అంటే బజారులో దొరికే కప్పులు దీనికి పట్టవు. పాత కప్పులే కిరసనాయిల్లో నానబెట్టి, గోళీలు మాత్రం కొత్తవి వేశాను.

ఫ్రేము దొరగ్గానే పనైపోయిందనుకున్నాడు. నిజానికి లావు మనిషి కింద ముందు పోయేది ఫ్రేము కాదు, వెనక చక్రం. పాత లెక్క మంచిదే: ముందు 32 పుల్లలు, వెనక 40. ఆ నలభైకీ రిక్షాలకి వాడే లావు రకం పుల్లలు తెచ్చి, హబ్బు చిల్లులు కాస్త పెద్దవి చేసి అల్లాను. వదులుగా ఉన్న పుల్లే విరుగుతుంది, అదీ మెడ దగ్గర. అందుకని బెండు తీసేటప్పుడు ప్రతి పుల్లనీ మీటి చూస్తాను, ఒకవైపు పుల్లలన్నీ ఒకే మోత ఇవ్వాలి. వారం తిరిగాక మళ్లీ బిగించాను. కాటర్ పిన్నులు చవకవి వేస్తే ఇతని కాలికింద వెన్నలా అరిగిపోతాయి, గట్టివి చూసి ఆకురాయితో వాటం చేసి, క్రాంకు కింద దిమ్మె ఆనించి సుత్తితో దిగ్గొట్టాను.

చివర్లో పౌడర్ కోటింగ్ వేయించి మెరిపిద్దామన్నాడు. వద్దన్నాను. పాత రంగు పలచనిది, చీలిక వస్తే ముందు దాని మీదే వెంట్రుకంత గీత కనపడుతుంది. మందంగా పూస్తే అది లోపలే దాక్కుంటుంది. మొహం చిన్నబుచ్చుకున్నాడు గానీ ఒప్పుకున్నాడు. ఇప్పుడు ప్రతి నెలా తెచ్చి నిలబెడతాడు. తలగొట్టం కింద, గూటి చుట్టూ టార్చి వేసి చూస్తాను, పుల్లలు మీటుతాను. ఈ చూడటానికి కూడా డబ్బులేంటి బాబాయ్ అంటాడు. తీసుకుంటూనే ఉన్నాను.